కదిలే డేటాకు ఆటోఎంఎల్: కరెంటు ధరల స్ట్రీమ్ మీద అంచెలంచెలుగా

ఆటోఎంఎల్ (మోడల్ ఎంపికను, ట్యూనింగ్‌ను యంత్రానికే వదిలే పద్ధతి) పనిముట్లలో ఎక్కువ భాగం ఒక్క నమ్మకం మీద నడుస్తాయి: ఇచ్చిన టేబుల్ మారదు. ఫైలు ఇచ్చి ఒక గంట టైమిస్తే ప్రీప్రాసెసింగ్ నుంచి హైపర్‌పారామీటర్ల దాకా వందల కాంబినేషన్లు తిప్పి చూసి, వాలిడేషన్‌లో పైకొచ్చిన పైప్‌లైన్‌ను చేతిలో పెడతాయి. ఆటో స్కికిట్‌లెర్న్ అయినా, టీపాట్ అయినా మూలంలో పద్ధతి ఇదే. డేటా ఆగకుండా వస్తూ, వస్తూనే స్వభావం మార్చుకుంటుంటే ఆ పైప్‌లైన్ కొన్నాళ్లకే పాతబడిపోతుంది.

అప్పుడు చాలామంది చేసేది, క్రాన్ జాబ్ ఒకటి పెట్టి అదే వెతుకులాటను రోజూ రాత్రి నడిపించడం. క్లౌడ్ బిల్లు పెరగడం ఖాయం. మోడల్ మెరుగైందా అంటే మాత్రం ఎవరూ కొలిచి చెప్పలేరు. నా లెక్కలో స్ట్రీమ్ (ఆగకుండా వచ్చే డేటా) మీద ఆటోమేట్ చేయాల్సిన మొదటి నిర్ణయం, ఇప్పుడు నడుస్తున్న మోడల్‌ను మార్చాలా వద్దా అన్నది. ఏ మోడల్ పెట్టాలన్నది దాని తర్వాతి సంగతి. ఈ మార్గదర్శి అంతా ఆ వరుసలోనే సాగుతుంది.

మీకు పైథాన్ వచ్చు, సాధారణ మెషీన్ లెర్నింగ్ తెలుసు అనుకుని రాస్తున్నాను. లైబ్రరీగా రివర్ వాడదాం. క్రీమ్, స్కికిట్ మల్టీఫ్లో అనే రెండు ప్రాజెక్టులు 2020లో కలిసి రివర్ అయ్యాయి. ఇందులో ప్రతి మోడల్‌కూ రెండే ముఖ్యమైన పనులు: ఒక వరుస చూసి జవాబు చెప్పే 'ప్రెడిక్ట్ వన్', ఒక వరుస నుంచి నేర్చుకునే 'లెర్న్ వన్'. స్ట్రీమ్ పనికి ఇంతకన్నా సూటైన ఇంటర్‌ఫేస్ నాకు కనిపించలేదు.

డేటా: న్యూ సౌత్ వేల్స్ కరెంటు మార్కెట్

ఈ రంగంలో అందరూ వాడి వాడి అరగదీసిన డేటాసెట్ 'ఎలెక్2'. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్ర విద్యుత్ మార్కెట్ నుంచి వచ్చింది. 1996 మే 7 నుంచి 1998 డిసెంబర్ 5 వరకు, అరగంటకో వరుస చొప్పున మొత్తం 45,312 వరుసలు. అంటే రోజుకు 48. (మన ఎనర్జీ ఎక్స్ఛేంజీలో 15 నిమిషాల బ్లాకులు, రోజుకు 96. కాబట్టి ఇక్కడ నేర్చుకున్నది అక్కడికి తీసుకెళ్లడం కష్టం కాదు.)

ఒక్కో వరుసలో తేదీ, వారంలో ఏ రోజు, రోజులో ఎన్నో అరగంట, న్యూ సౌత్ వేల్స్‌లో ధర, అక్కడి డిమాండ్, పక్క రాష్ట్రం విక్టోరియాలో ధర, అక్కడి డిమాండ్, రెండు రాష్ట్రాల మధ్య బదిలీ అయ్యే కరెంటు ఉంటాయి. చెప్పాల్సిన జవాబు: గత 24 గంటల సగటుతో పోలిస్తే ధర పైకా, కిందికా?

దీన్నే ఎందుకు ఎంచుకున్నానంటే ఇందులో మార్పు కృత్రిమంగా చొప్పించింది కాదు. మనుషుల అలవాట్లు, చలికాలం ఎండాకాలం, వారాంతాలు అన్నీ కలిసి ధరను కదుపుతాయి. వీటికి తోడు 1997 మేలో మార్కెట్ నియమమే మారింది. పక్క రాష్ట్రంతో కొనుగోళ్లు, అమ్మకాలు మొదలయ్యాయి. అంతవరకూ కదలకుండా ఒకే విలువ చూపిస్తున్న విక్టోరియా కాలమ్‌లు ఒక్కసారిగా నిద్ర లేచాయి. నిజ జీవితంలో డ్రిఫ్ట్ (డేటా స్వభావం మారిపోవడం) ఇలాగే వస్తుంది, ఎవరో ఎక్కడో ఒక పాలసీ మారుస్తారు, మీ మోడల్‌కు ఎవరూ చెప్పరు.

1వ అంచె: జవాబు చెప్పే క్షణానికి మీకేం తెలుసో తేల్చుకోండి

మొదటి నియమం, వరుసలను షఫుల్ చేయకూడదు. ఇది అందరికీ తెలిసిందే. రెండోది అంత తేలిగ్గా కంటికి కనిపించదు. లేబుల్ న్యూ సౌత్ వేల్స్ ధర నుంచే పుట్టింది. అదే అరగంట ధర ఫీచర్లలోనూ ఉంది. పరిశోధనా పత్రాల్లో పోలికల కోసం దీన్ని అలాగే వాడతారు, పర్వాలేదు. కానీ మీరు నిజంగా రాబోయే అరగంట గురించి చెప్పాలనుకుంటే ఆ అరగంట ధర మీ చేతిలో ఉండదు. అందుకే ధర, డిమాండ్, బదిలీ కాలమ్‌లను ఒక వరుస వెనక్కి జరపండి. రోజు, అరగంట సంఖ్య మాత్రం ముందే తెలిసినవి కాబట్టి వాటిని అలాగే ఉంచొచ్చు.

తేదీ కాలమ్ గురించి ఒక మాట. అది సున్నా నుంచి ఒకటి వరకు పెరుగుతూనే పోయే సంఖ్య. రేపటి విలువను మోడల్ ఎన్నడూ చూసి ఉండదు. ట్రీ ఒకటి దాని మీద చీలిందంటే 'ఫలానా రోజు తర్వాత' అనే కొమ్మ ఒకటి పుడుతుంది. డ్రిఫ్ట్‌ను దొడ్డిదారిన పట్టుకున్నట్టు కనిపిస్తుంది కానీ డ్రిఫ్ట్ డిటెక్టర్ (మార్పును గుర్తించి అలారం కొట్టే భాగం, 5వ అంచెలో చూద్దాం) చేయాల్సిన పని అందులో కలిసిపోయి, ఏది ఎందుకు పనిచేసిందో తెలియకుండా పోతుంది. నేనైతే తీసేస్తాను.

2వ అంచె: కొలత ముందు, మోడల్ తర్వాత

స్ట్రీమ్ మీద ట్రెయిన్ సెట్, టెస్ట్ సెట్ అనే విభజన ఉండదు. ప్రతి వరుసా మొదట పరీక్ష, తర్వాత పాఠం. వరుస వస్తుంది, మోడల్ జవాబు చెబుతుంది, జవాబును అసలు లేబుల్‌తో పోలుస్తాం, ఆ తర్వాతే నేర్పిస్తాం. దీన్ని ప్రీక్వెన్షియల్ మూల్యాంకనం అంటారు. రివర్‌లో 'ప్రోగ్రెసివ్ వాల్ స్కోర్' అనే ఫంక్షన్ ఈ పనంతా చేసిపెడుతుంది.

మొదటి వరుస నుంచీ కూడిన సగటు కచ్చితత్వం ఒక్కటే చూస్తే మోసపోతారు. ముప్పై వేల వరుసలు బాగా నడిచిన మోడల్ గత వారం కుప్పకూలినా ఆ సగటు పెద్దగా కదలదు. అందుకే గత 336 వరుసల, అంటే సరిగ్గా వారం రోజుల, కదిలే విండో మీద కూడా కొలవండి. వారం ఎందుకంటే వారాంతం ప్రభావం ప్రతి విండోలోనూ సమంగా పడుతుంది.

ఇప్పుడు అసలు విషయం. మోడల్ ఏదీ కట్టకముందే రెండు మొండి బేస్‌లైన్లు (పోలికకు పెట్టుకునే అతి తేలిక జవాబులు) నడపండి. ఒకటి, ఎప్పుడూ 'కిందికి' అనే జవాబు: సుమారు 58 శాతం. రెండోది, 'పోయిన అరగంట ఏం జరిగిందో ఇప్పుడూ అదే' అనే జవాబు: సుమారు 85 శాతం. అవును, ఒక్క ఫీచర్ కూడా చూడకుండా. లేబుళ్లు ఒకదాని వెనక ఒకటి గుంపులుగా వస్తాయి కాబట్టి ఇది సాధ్యమైంది. ఇంద్రె జ్లియొబైతె అనే పరిశోధకురాలు 2013లోనే ఈ సంగతి ఎత్తిచూపారు. ఈ బెంచ్‌మార్క్ మీద గొప్పగా చెప్పుకున్న కొన్ని పద్ధతులు ఈ మొండి జవాబును కూడా దాటలేకపోయాయి.

ఇందులో ఇంకో మెలిక ఉంది. లేబుళ్లు గుంపులుగా వచ్చేచోట డిటెక్టర్ తప్పుడు అలారాలు కొడుతూ మోడల్‌ను మాటిమాటికీ చెరిపేస్తే, మోడల్ తాజా కొద్ది వరుసల మీదే నేర్చుకుని, తెలియకుండానే 'పోయినసారి జవాబే ఇప్పుడూ' అనే మోడల్‌గా మారిపోతుంది. కచ్చితత్వం పెరుగుతుంది. డిటెక్టర్ అద్భుతం అని మీరు సంబరపడతారు. నిజానికి అది చేసిందల్లా జ్ఞాపకశక్తిని కుదించడమే.

కాబట్టి కొలమానంగా కప్పా టెంపోరల్ పెట్టుకోండి. లెక్క తేలిక: మోడల్ కచ్చితత్వంలోంచి మొండి జవాబు ('పోయిన అరగంటదే ఇప్పుడూ' అనే రెండోది) కచ్చితత్వాన్ని తీసేసి, ఒకటిలోంచి మొండి కచ్చితత్వాన్ని తీసేస్తే వచ్చేదానితో భాగించాలి. మోడల్ 0.88, మొండిది 0.85 అయితే 0.03ను 0.15తో భాగిస్తే 0.2. మోడల్ 0.80 అయితే మైనస్ 0.33. 80 శాతం కచ్చితత్వం అని స్లైడ్ మీద వేస్తే మీటింగ్‌లో అందరూ తలలూపుతారు. మైనస్ 0.33 అని వేస్తే ఆ మోడల్ ఎందుకు అని అడుగుతారు. రెండూ ఒకే మోడల్ గురించి.

3వ అంచె: లేబుల్ ఎప్పుడొస్తుంది?

కరెంటు ధర విషయంలో అరగంట తిరిగేసరికి నిజం తెలిసిపోతుంది. అన్నిచోట్లా ఈ సుఖం ఉండదు. అప్పు తీసుకున్న మనిషి ఎగ్గొట్టాడో లేదో తేలడానికి నెలలు పడుతుంది. కార్డు మోసం అని తేలడానికి కస్టమర్ ఫిర్యాదు చేయాలి. లేబుల్ ఆలస్యంగా వచ్చే స్ట్రీమ్‌ను వెంటనే వచ్చినట్టు పరీక్షిస్తే కాగితం మీద వచ్చిన ఫలితం ప్రొడక్షన్‌లో రాదు.

ప్రోగ్రెసివ్ వాల్ స్కోర్‌కు ఆలస్యం ఎంతో చెప్పే పారామీటర్ ఉంది. ఎలెక్2 మీద ఒకసారి ఆలస్యం లేకుండా, ఒకసారి 48 వరుసల ఆలస్యంతో నడిపి చూడండి. మొండి బేస్‌లైన్‌కూ అదే ఆలస్యం పెట్టడం మర్చిపోవద్దు. దానికీ నిన్న ఇదే వేళకు జరిగింది మాత్రమే తెలియాలి. ఫీచర్ల విలువ అప్పుడు బయటపడుతుంది.

4వ అంచె: వెతికే స్థలాన్ని చిన్నగా ఉంచండి

బ్యాచ్ ఆటోఎంఎల్‌లో వెతికే స్థలం ఎంత పెద్దదైతే అంత గొప్ప. స్ట్రీమ్ మీద ప్రతి అభ్యర్థి పైప్‌లైన్‌నూ బతికించి ఉంచడానికి మెమరీ, సీపీయూ కావాలి, పైగా అది నిరూపించుకోవడానికి కాలం కావాలి. నాలుగైదు కుటుంబాలు చాలు: ఎస్‌జీడీతో నేర్చుకునే లాజిస్టిక్ రిగ్రెషన్, నైవ్ బేస్, హోఫ్డింగ్ ట్రీ (వరుసలు వస్తుండగానే పెరిగే డెసిషన్ ట్రీ), మార్పుకు సర్దుకునే దాని రూపం హోఫ్డింగ్ అడాప్టివ్ ట్రీ, ఇంకా అడాప్టివ్ రాండమ్ ఫారెస్ట్. 2017లో వచ్చిన ఈ చివరిదానిలో ఒక్కో ట్రీకి సొంత డ్రిఫ్ట్ డిటెక్టర్ ఉంటుంది. చాలా స్ట్రీమ్‌ల మీద బలమైన పోటీదారు.

స్కేలర్ కూడా వెతికే స్థలంలో భాగమే. రివర్‌లోని మామూలు స్టాండర్డ్ స్కేలర్ మొదటి నుంచీ చూసిన వరుసలన్నిటి సగటు పట్టుకుని ఉంటుంది. రెండేళ్ల తర్వాత ధరల మట్టమే మారినా దానికి పాత సగటు బరువు వదలదు. పాతదాన్ని క్రమంగా మరిచిపోయే అడాప్టివ్ స్టాండర్డ్ స్కేలర్ కూడా ఉంది. రెండింటినీ పోటీలో పెట్టండి. ట్రీలకు స్కేలర్ అక్కర్లేదు.

హైపర్‌పారామీటర్ల దగ్గర కాస్త నిలబడి లెక్క వేయాలి, ఎందుకంటే డిఫాల్ట్ విలువలు మీ స్ట్రీమ్ వేగాన్ని చూసి పెట్టినవి కావు. హోఫ్డింగ్ ట్రీని 2000లో డొమింగోస్, హల్టెన్ ప్రతిపాదించింది వేగంగా, కోట్లలో వచ్చిపడే వరుసల కోసం. చీలడానికి అన్నిటికన్నా మెరుగైన రెండు ఫీచర్ల స్కోర్ల మధ్య తేడా ఒక హద్దును దాటాలి. ఆ హద్దు ఎంతంటే: ఒకటిని డెల్టాతో (తప్పుడు చీలికకు మనం ఒప్పుకునే అవకాశం) భాగించి, దాని సహజ లాగరిథమ్‌ను వరుసల సంఖ్యకు రెట్టింపుతో భాగించి, వర్గమూలం తీస్తే వచ్చేది (రెండు క్లాసుల ఇన్ఫర్మేషన్ గెయిన్‌కు). రివర్‌లో డెల్టా డిఫాల్ట్ 0.0000001. లాగరిథమ్ 16.1 అవుతుంది. 200 వరుసల దగ్గర హద్దు 0.2, వెయ్యి వరుసల దగ్గర 0.09. తేడా తేలకపోయినా చీలిపో అని చెప్పే టై థ్రెషోల్డ్ 0.05. హద్దు అక్కడికి దిగాలంటే దాదాపు 3,225 వరుసలు కావాలి.

రోజుకు 48 వరుసల లెక్కన అది 67 రోజులు! అదీ ఒక్క ఆకు దగ్గరికే చేరాల్సిన వరుసలు. సెకనుకు వేల వరుసలొచ్చే చోట ఇది కనురెప్పపాటు. మన దగ్గర మాత్రం ట్రీ రెండు నెలలు మొద్దులా కూర్చోవచ్చు. డెల్టాను 0.01కి మారిస్తే లాగరిథమ్ 4.6కి పడిపోతుంది, అదే 0.05 హద్దుకు 921 వరుసలు, అంటే 19 రోజులు చాలు. రిస్క్ పెరుగుతుంది, తొందరపాటు చీలికలు వస్తాయి. ఏది మేలో వెతుకులాట తేల్చాలి. కాబట్టి డెల్టాకు 0.0000001 నుంచి 0.05 దాకా, గ్రేస్ పీరియడ్‌కు (చీలికకు ప్రయత్నించే ముందు ఆకు చూడాల్సిన వరుసలు) 20 నుంచి 400 దాకా, ఎస్‌జీడీ లెర్నింగ్ రేటుకు 0.001 నుంచి 0.3 దాకా పరిధి ఇవ్వండి. డెల్టాను, లెర్నింగ్ రేటును లాగ్ స్కేలు మీదే తీయాలి, లేకపోతే శాంపిళ్లన్నీ పెద్ద విలువల వైపే పోగవుతాయి.

5వ అంచె: డ్రిఫ్ట్ డిటెక్టర్

డిటెక్టర్లలో రెండు తెలిస్తే చాలావరకు గడిచిపోతుంది. 2004లో వచ్చిన డీడీఎం, మోడల్ తప్పుల రేటును, దాని స్టాండర్డ్ డీవియేషన్‌ను గమనిస్తుంది. ఇంతవరకూ చూసిన కనిష్ఠం కన్నా రెండు డీవియేషన్లు పెరిగితే హెచ్చరిక, మూడు దాటితే డ్రిఫ్ట్. తేలికైనది, అకస్మాత్తుగా వచ్చే మార్పును బాగా పడుతుంది, మెల్లగా జారే మార్పు దగ్గర తడబడుతుంది. 2007లో బిఫెట్, గవాల్దా ఇచ్చిన ఆడ్విన్, ఇటీవలి విలువలను ఒక విండోలో పెట్టుకుని, దాన్ని పాత భాగం, కొత్త భాగంగా రకరకాల చోట్ల కోసి చూస్తుంది. రెండు సగటుల మధ్య తేడా యాదృచ్ఛికంగా వచ్చేంత చిన్నది కాదని తేలితే పాత భాగాన్ని పారేస్తుంది. విండో పొడవు మీరు చెప్పక్కర్లేదు, దానంతటదే పెరుగుతుంది, తగ్గుతుంది. నేను ఆడ్విన్‌తోనే మొదలుపెడతాను.

దానికి ఏం తినిపించాలన్నది డిటెక్టర్ ఎంపిక కన్నా ముఖ్యం. నేరుగా ధరనో డిమాండ్‌నో ఇస్తే రాత్రి, పగలు తేడాకే అలారం మోగుతుంది, ఆస్ట్రేలియాలో జూన్ నుంచి ఆగస్టు దాకా ఉండే చలికాలం రాగానే మళ్లీ మోగుతుంది. అవి మోడల్‌కు ముందే తెలిసిన మార్పులు కావచ్చు. ఇన్‌పుట్ కదిలినంత మాత్రాన ఇన్‌పుట్‌కు, జవాబుకు ఉన్న సంబంధం తెగిపోయినట్టు కాదు. అందుకే ప్రస్తుత మోడల్ తప్పునే ఇవ్వండి: సరైతే 0, తప్పైతే 1. లేబుల్ నెలల తర్వాత వచ్చే స్ట్రీమ్‌లో మాత్రం ఇన్‌పుట్లను గమనించక తప్పదు, తప్పుడు అలారాలను భరించాలి.

రివర్‌లో ఆడ్విన్ వాడేటప్పుడు మూడు సంగతులు. దాని డెల్టా డిఫాల్ట్ 0.002, తగ్గిస్తే అలారాలు తగ్గుతాయి. డిఫాల్ట్‌గా ప్రతి 32 విలువలకొకసారే తనిఖీ చేస్తుంది. మన స్ట్రీమ్‌లో అంటే 16 గంటలకొకసారి, ఈ క్లాక్‌ను 4కో 8కో దింపండి. మూడోది చాలామంది చూడనిది: తప్పుల రేటు తగ్గినా ఆడ్విన్ అలారం కొడుతుంది. మోడల్ మెరుగుపడడమూ దాని దృష్టిలో మార్పే. అలారానికి ముందు సగటు అంచనా, తర్వాత అంచనా రెండూ పోల్చి, పెరిగితేనే ముందుకెళ్లండి.

6వ అంచె: అలారం మోగింది, ఇప్పుడేం చేయాలి?

ఇక్కడ దారులు చాలా ఉన్నాయి. బిల్గే చెలిక్, హోకిన్ వాన్షోరెన్ 2021లో ప్రచురించిన అధ్యయనంలో వీటిని ఆరు వ్యూహాలుగా విడదీసి, పలు ఆటోఎంఎల్ పనిముట్ల మీద పోల్చారు. ఒక కొసన, ఒకసారి ట్రెయిన్ చేసి వదిలేయడం. ఇంకో కొసన, అలారం మోగినా మోగకపోయినా గడువు ప్రకారం మొత్తం వెతుకులాటను మళ్లీ నడపడం. మధ్యలో, అలారం మోగితే ఉన్న మోడల్‌కే కొత్త డేటా నేర్పించడం, అదే పైప్‌లైన్‌ను కొత్త డేటా మీద మొదటి నుంచి ట్రెయిన్ చేయడం, పాత వెతుకులాట ఫలితాల దగ్గర నుంచి కొత్త వెతుకులాట మొదలుపెట్టడం, అన్నీ చెరిపి వెతకడం.

నేను చెప్పేది మెట్ల పద్ధతి. ఖర్చు తక్కువైన మెట్టు మొదట.

మొదటి మెట్టు: అలారం రాగానే అదే పైప్‌లైన్ ఖాళీ కాపీ ఒకటి తీసి, గత రెండు వారాల వరుసలు (672) వరుసగా నేర్పించి పక్కన పోటీకి నిలబెట్టండి. చాలాసార్లు హైపర్‌పారామీటర్లు బాగానే ఉంటాయి, పాత జ్ఞాపకమే అడ్డం.

రెండో మెట్టు: అదే వారంలో మళ్లీ అలారం వస్తేనే వెతుకులాట. అదీ సున్నా నుంచి కాదు. ఇప్పటి విజేత చుట్టూ చిన్న మార్పులు చేసిన అభ్యర్థులు ఐదారు, పూర్తిగా యాదృచ్ఛికంగా తీసినవి రెండో మూడో. వీటిని గత నాలుగు వారాల వరుసల మీద ప్రీక్వెన్షియల్‌గానే నడిపి, చివరి వారం స్కోరు ప్రకారం ముగ్గురిని ఉంచండి.

మూడో మెట్టు: మొండి బేస్‌లైన్ కన్నా కింద పడిపోతే, అంటే వారం విండోలో కప్పా టెంపోరల్ సున్నా దిగువకు వెళ్తే, పూర్తి వెతుకులాట. అది ముగిసేదాకా జవాబులు మొండి బేస్‌లైన్‌తోనే ఇవ్వండి. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు, ఆ సమయానికి మీ దగ్గరున్న ఉత్తమ మోడల్ అదే.

ప్రతి అలారానికీ పూర్తి వెతుకులాట పెట్టడం, నాటిన నారు వేరు పట్టిందో లేదోనని రోజూ పీకి చూసినట్టు ఉంటుంది. ఒక వెతుకులాటకూ ఇంకోదానికీ మధ్య కనీసం వారం గడువు పెట్టండి.

బడ్జెట్ సంగతి: వరుసకూ వరుసకూ మధ్య అరగంట ఉంది కాబట్టి ఇక్కడ టెన్షన్ లేదు. వేగంగా వచ్చే స్ట్రీమ్‌లో వెతుకులాటను వేరే ప్రాసెస్‌లో నడపాలి. అది నడుస్తుండగా వచ్చిన వరుసలను క్యూలో దాచి, గెలిచిన అభ్యర్థికి అవన్నీ నేర్పించాకే పోటీలో నిలబెట్టాలి. లేకపోతే అది పుట్టుకతోనే పాతబడి వస్తుంది.

7వ అంచె: ఛాంపియన్, ఛాలెంజర్లు

వెతుకులాటలో గెలిచినదాన్ని నేరుగా సింహాసనం ఎక్కించకండి. గత డేటా మీద గెలవడం వేరు, రాబోయే వరుసల మీద గెలవడం వేరు. ఇప్పుడు జవాబులిస్తున్న మోడల్ ఛాంపియన్, దానితో పోటీకి నిలబెట్టినవి ఛాలెంజర్లు. ఛాలెంజర్లు నీడలా పక్కన నడవాలి: ప్రతి వరుసకూ జవాబు చెప్పి, నేర్చుకోవాలి కానీ వాటి జవాబు బయటికి వెళ్లకూడదు.

ఎప్పుడు మార్చాలి? రెండు మోడళ్ల కచ్చితత్వాన్ని పక్కపక్కన పెట్టి చూడడం మోటు పద్ధతి. రెండూ ఒకే జవాబు చెప్పిన వరుసలు ఏమీ తేల్చవు. విభేదించిన వరుసలనే లెక్కించండి. వారంలో 336 వరుసల్లో 60 చోట్ల విభేదించాయనుకుందాం. ఛాలెంజర్ 40 చోట్ల, ఛాంపియన్ 20 చోట్ల సరి. తేడా 20ని 60 వర్గమూలంతో భాగిస్తే 2.58. అదే 33, 27 అయితే 0.77, అది గాలివాటం. వరుసగా వచ్చే లేబుళ్లు ఒకదానికొకటి స్వతంత్రం కావు కాబట్టి పుస్తకాల్లో చెప్పే 1.96 హద్దు ఇక్కడ సరిపోదు. 3 పెట్టుకోండి, ఇంకా ఊగిసలాట కనిపిస్తే రెండు వారాల విండో తీసుకోండి.

దిగిపోయిన ఛాంపియన్‌ను పారేయవద్దు. డిస్క్ మీద దాచి, దాని హయాం ఏ నెలల్లో నడిచిందో రాసి ఉంచండి. కరెంటు వాడకంలో ఋతువులు తిరిగి వస్తాయి. పోయిన చలికాలం మోడల్ ఈ చలికాలం మొదట్లో ఛాలెంజర్‌గా నిలబడితే పోయేదేమీ లేదు.

ఈ ఆలోచనతోనే తయారైన పద్ధతులు ఉన్నాయి. 2021లో ఐసీఎంఎల్ అనే మెషీన్ లెర్నింగ్ సదస్సులో వచ్చిన 'చాచా', వోపల్ వ్యాబిట్ అనే ఆన్‌లైన్ లెర్నింగ్ లైబ్రరీ మోడళ్ల మీద ఒక ఛాంపియన్‌ను, పరిమిత సంఖ్యలో ఛాలెంజర్లను బతికిస్తూ గణాంక హద్దుల ప్రకారం మార్పిడి చేస్తుంది. 2022లో వచ్చిన 'ఎవో ఆటోఎంఎల్' దారి వేరు: పైప్‌లైన్ల జనాభా ఒకటి ఉంచుకుని, స్ట్రీమ్ నడుస్తుండగానే బాగా చేసినదానికి చిన్న మార్పులు చేసి, వెనకబడినదాని స్థానంలో పెడుతుంది. జవాబు ఓటింగ్‌తో వస్తుంది. రివర్‌లోనే ఉన్న సక్సెసివ్ హాల్వింగ్‌తో (వెనకబడిన అభ్యర్థులను విడతలవారీగా తొలగించే పద్ధతి) మొదలుపెట్టాలని చాలామందికి అనిపిస్తుంది. కానీ అది ఓడినవాళ్లను శాశ్వతంగా ఇంటికి పంపేస్తుంది. డ్రిఫ్ట్ వచ్చాక వాళ్లలో ఒకరే సరైనవారు కావచ్చు. మొదటి వెతుకులాటకు వాడండి, నడుస్తున్న వ్యవస్థకు వద్దు.

8వ అంచె: అన్నీ ఒక లూప్‌లో

ఒక్కో వరుసకు జరగాల్సింది ఈ క్రమంలో:

1. వరుస రాగానే తనిఖీ: కాలమ్‌లన్నీ ఉన్నాయా, ఏదైనా కాలమ్ రోజంతా ఒకే విలువ చూపిస్తోందా?
2. ఛాంపియన్ జవాబు బయటికి, ఛాలెంజర్ల జవాబులు లాగ్‌లోకి. వరుసను లేబుల్ కోసం ఎదురుచూసే క్యూలో పెట్టండి.
3. లేబుల్ రాగానే, అప్పట్లో చెప్పిన జవాబులతోనే పోల్చండి. ఇప్పటి మోడల్‌తో మళ్లీ జవాబు చెప్పించి పోల్చడం దొంగ లెక్క.
4. కొలమానాలు, విభేదాల లెక్క అప్‌డేట్ చేయండి. ఛాంపియన్ తప్పును ఆడ్విన్‌కు ఇవ్వండి.
5. అన్ని మోడళ్లకూ 'లెర్న్ వన్'.
6. అలారం వచ్చి, తప్పుల రేటు పెరిగి ఉంటే 6వ అంచెలోని మెట్టు ఎంచుకోండి.
7. విభేదాల లెక్క హద్దు దాటితే మార్పిడి. ఆడ్విన్‌ను కొత్తగా మొదలుపెట్టండి, పాత ఛాంపియన్ తప్పుల చరిత్ర కొత్తదానికి అంటకూడదు.

పైథాన్‌లో ఇదంతా రెండు వందల లైన్లలోపే అయిపోతుంది. రెండో, ఐదో పనులు తారుమారైతే, అంటే నేర్పించాక జవాబు చెప్పిస్తే, స్కోరు ఆకాశానికెక్కుతుంది. ఎక్కడైనా నమ్మలేనంత మంచి ఫలితం కనిపిస్తే మొదట అక్కడే వెతకండి.

ఒకటో పనిని చిన్నచూపు చూడొద్దు. 1997 మే ముందు విక్టోరియా కాలమ్‌లు కదలకపోవడం మార్కెట్ కారణం. మీ స్ట్రీమ్‌లో అదే లక్షణం చెడిపోయిన మీటర్ కావచ్చు, యూనిట్లు మార్చిన వెండర్ కావచ్చు. ఇలాంటి తప్పుకు మోడల్‌ను అలవాటు చేయడం ఆటోఎంఎల్ చేయగల అతి ఖరీదైన పొరపాటు. అక్కడ మోడల్ మార్పిడి ఆపి, మనిషికి మెసేజ్ పంపాలి.

ప్రతి మార్పిడికీ లాగ్‌లో ఉండాల్సినవి: సమయం, ఏ మెట్టు, పాత, కొత్త పైప్‌లైన్ల హైపర్‌పారామీటర్లు, విభేదాల లెక్క, రాండమ్ సీడ్. మూడు నెలల తర్వాత 'ఆ రోజు జవాబులు ఎందుకు మారాయి' అని ఆడిటర్ అడిగినప్పుడు పనికొచ్చేది ఇదే.

9వ అంచె: డ్రిఫ్ట్ ఎక్కడుందో తెలిసిన డేటా మీద పరీక్ష

ఎలెక్2లో మార్పు ఎక్కడెక్కడ జరిగిందో ఎవరి దగ్గరా పూర్తి జాబితా లేదు. కాబట్టి మీ డిటెక్టర్ సరిగ్గా మోగిందో లేదో దీనితో తేలదు. అందుకు కృత్రిమ స్ట్రీమ్ కావాలి. రివర్‌లోని 'సీ' జనరేటర్‌కు నాలుగు వేరియంట్లు ఉన్నాయి. ఒకదాని నుంచి పదివేల వరుసలు, తర్వాత ఇంకోదాని నుంచి పదివేలు తీసి అతికించండి. మార్పు సరిగ్గా పదివేల దగ్గర. అలారం ఎన్ని వరుసల తర్వాత వచ్చింది, అంతకుముందు ఎన్ని తప్పుడు అలారాలు వచ్చాయి, రెండూ రాసుకోండి. ఆడ్విన్ డెల్టాను 0.1 నుంచి 0.0001 దాకా మారుస్తూ ఈ రెండు సంఖ్యలూ ఎలా ఎదురెదురుగా కదులుతాయో చూడండి. తర్వాత అసలు మార్పే లేని ఇరవై వేల వరుసలు నడపండి. అందులో మెట్లు ఎక్కడం జరిగితే గడువులు, హద్దులు బిగించాలి.

ఇది అయ్యాక రివర్‌లోనే ఉన్న 'ఇన్సెక్ట్స్' డేటాసెట్ల మీదికి వెళ్లండి. ఆప్టికల్ సెన్సర్ ముందు ఎగిరే కీటకాల రీడింగులవి. ఉష్ణోగ్రత మారితే కీటకాల కదలిక మారుతుంది, దాన్ని ఆసరా చేసుకుని అకస్మాత్తు మార్పు, మెల్లని మార్పు, తిరిగొచ్చే మార్పు అని వేర్వేరు స్ట్రీమ్‌లు తయారుచేశారు. తిరిగొచ్చే రకం మీద పాత ఛాంపియన్లను దాచుకునే వ్యవస్థను ఒకసారి, దాచుకోనిదాన్ని ఒకసారి నడిపి, రెండింటి కదిలే విండో గీతలను ఒకే గ్రాఫ్ మీద వేయండి. ఇక్కడ వారం అనే లెక్క లేదు కాబట్టి వెయ్యి వరుసల విండో తీసుకోండి. రెండు గీతలూ ఒకదానిమీద ఒకటి పడితే దాచుకోవడానికి రాసిన కోడ్ తీసేయొచ్చు.